ఇద్దరు ముద్దన్న ఇంట్లో ముగ్గురి మాట



2025 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, మన విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు సభలో ఒక మాటన్నారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే ఆ పిల్ల పేర 50,000 రూపాయలు డిపాజిట్ చేస్తాను, మగపిల్లాడు పుడితే ఆవునిస్తాను, అదీ నా జీతంలోంచే, అని. ఒకటి రెండు రోజుల్లో ఆ మాట దేశమంతా తిరిగింది. మా గజపతినగరంలో అయితే టీ కొట్టు దగ్గర కాసేపు నవ్వుకున్నారు. "మానాపురం సంతలో మంచి ఆవు యాభై వేలకి వస్తాదేటి బాబూ?" అని ఒకాయన లెక్క మొదలుపెట్టాడు. పక్కనున్న పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "ఆవునిస్తారు సరే, దాన్ని మేపడానికి మనిషినెవరిస్తారు?" అన్నాడు.

నవ్వులాటకే అన్నా, ఈ పూట నేను చెప్పదలచుకున్నదంతా ఆ పెద్దాయన మాటలోనే ఉంది. పిల్లలు ఎంతమంది అన్నది ఇంతకాలం మనం తిండిగింజల లెక్కగానో, దేశ జనాభా లెక్కగానో చూశాం. ఇంట్లో ఆ లెక్క వేరేగా నడుస్తుంది. ఎవరు పెంచుతారు, ఎలా పెంచితే పెంచినట్టు అన్న రెండు ప్రశ్నలకి జవాబు దొరికాకే ఆ ఇంట్లో ఇంకో ఉయ్యాల వేలాడుతుంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. వయసు మళ్ళిన శ్రోతలకి గుర్తుండే ఉంటుంది. వ్యవసాయ కార్యక్రమానికి ముందో వెనకో ఇదే రేడియో మనకి పిల్లల లెక్క చెప్పేది. 1952లో, ప్రపంచంలో అందరికంటే ముందు, మన దేశం కుటుంబ నియంత్రణని ప్రభుత్వ కార్యక్రమంగా తీసుకుంది. ఊరూరా గోడల మీద తలకిందులుగా ఎర్ర త్రికోణం, దాని పక్కన నవ్వుతున్న అమ్మా నాన్నా, ఒక పాప, ఒక బాబు. మొదట్లో "ఇద్దరు లేక ముగ్గురు చాలు" అన్నారు. తరవాత ఆ మూడో వాణ్ణి గోడ మీంచి నెమ్మదిగా చెరిపేసి, "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అన్నారు. ప్రాస కుదిరింది కాబట్టి పిల్లలు కూడా ఆటల్లో పాడుకునేవారు, అర్థం తెలియకపోయినా.

ఆ తరవాత మాటలు పోయి చట్టాలొచ్చాయి. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టంలో ఒక నిబంధన పెట్టారు. ఇద్దరు పిల్లలున్నవాళ్ళకి 1995 మే 30 తరవాత ఇంకో బిడ్డ పుడితే, వాళ్ళు సర్పంచికీ వార్డు మెంబరుకీ పోటీ చెయ్యడానికి పనికిరారు. దాదాపు 30 ఏళ్ళు అది నడిచింది. నామినేషన్ల రోజున ఎదుటి పార్టీ వాళ్ళు తెచ్చే మొదటి కాగితం ఆ మూడో బిడ్డ జనన ధ్రువపత్రమే అయ్యేది. పదవి పోయి కోర్టు మెట్లెక్కినవాళ్ళూ ఉన్నారు. 2024 నవంబరులో మన శాసనసభ ఆ నిబంధనని తీసేసింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఎక్కువమందిని కనండి అని సభల్లో చెబుతున్నారు. ఎంపీ గారి ఆవు వచ్చింది ఆ వరసలోనే.

ఇలా మాట మార్చిన ప్రభుత్వం మనదొక్కటే అనుకోకండి. సింగపూరు 1970ల్లో ఇద్దరితో ఆపండి అని ఊదరగొట్టింది. జనం ఆపేశారు. 1987 వచ్చేసరికి అదే ప్రభుత్వం, స్తోమత ఉంటే ముగ్గురిని కనండి అంది. జనం వినలేదు. 2023లో అక్కడ సగటున ఒక స్త్రీకి ఒక బిడ్డ కూడా లేదు. దక్షిణ కొరియాలో అదే ఏడాది లెక్క 0.72. అక్కడి ప్రభుత్వం ఏళ్ళ తరబడి లక్షల కోట్లు కుమ్మరించాక వచ్చిన అంకె అది. వద్దంటే ఆగిన జనం కనమంటే కనడం లేదు. అంటే మొదటిసారి కూడా వాళ్ళు ఆగింది ప్రభుత్వం చెప్పినందుకేనా అన్న అనుమానం రావాలి కదా.

మన సంగతి చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 1992-93లో మన రాష్ట్రంలో సగటున ఒక స్త్రీకి 2.6 మంది పిల్లలు. 2005-06కి 1.8. 2019-21కి 1.7. ఒక తరం పోయి ఇంకో తరం అదే సంఖ్యలో నిలవాలంటే 2.1 ఉండాలంటారు. ఆ గీత మనం ఎప్పుడో దాటాం. అప్పట్లో మనకి కేరళ అంత చదువు లేదు, తమిళనాడు అన్ని కర్మాగారాలు లేవు. ఆడపిల్లల పెళ్ళి వయసు కూడా పెద్దగా పెరగలేదు. చదువూ డబ్బూ వస్తేనే పిల్లలు తగ్గుతారని పుస్తకాలు రాసినవాళ్ళు ఆంధ్ర దగ్గరికొచ్చి తల గోక్కున్నారు.

జాన్ కాల్డ్‌వెల్ అని ఆస్ట్రేలియా పండితుడొకాయన ఉండేవాడు. నైజీరియా పల్లెల్లోనూ, తరవాత మన పక్క కర్ణాటక పల్లెల్లోనూ తిరిగి, ఇళ్ళల్లో కూర్చుని, వాళ్ళ మాటలు విని సిద్ధాంతం చెప్పాడు. సంపాదన పిల్లల చేతుల్లోంచి పెద్దల చేతుల్లోకి వచ్చే చోట పిల్లలు ఎక్కువ పుడతారు. పెద్దల చేతుల్లోంచి పిల్లల మీదికి పోవడం మొదలైన చోట తగ్గిపోతారు. 1976లో రాసిన వ్యాసంలో ఆయన చెప్పింది క్లుప్తంగా ఇదే. ఆ తిరుగుడుకి పెద్ద కారణం బడి అని కూడా తరవాత చెప్పాడు.

దీన్ని మన చంపావతి ఒడ్డుకి తెచ్చి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల గోగు పంట జోరుగా ఉండేది. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరేసి, కొన్నాళ్ళ తరవాత మోకాల్లోతు నీళ్ళలో నిలబడి నార తీసేవారు. ఆ కుళ్ళు వాసన స్నానం చేసినా ఒంటిని వదిలేది కాదు. ఆ పనిలో పదేళ్ళ పిల్లాడు సగం మనిషి. కట్టలు మొయ్యాలి, నార కడగాలి, గట్టు మీద ఆరెయ్యాలి. వాడి చెల్లెలు ఇంట్లో చంటివాణ్ణి చంకనేసుకుని తిరిగేది. అంటే ఆ ఇంట్లో నాలుగో బిడ్డని పెంచేది మూడో బిడ్డ. తల్లి పొలంలో ఉండేది. ఇంకో నోరు వచ్చిందంటే ఇంకో రెండు చేతులు కూడా వచ్చినట్టే లెక్క. నెల్లిమర్లలో 1920లో పెట్టిన జూట్ మిల్లు మన జిల్లాలో ఎన్ని వందల ఇళ్ళకి అన్నం పెట్టిందో మీకు తెలుసు. ఆ మిల్లుకి వెళ్ళిన నారలో పిల్లల చెమట కూడా ఉంది.

ఆ పదేళ్ళ పిల్లాడు ఇప్పుడు బళ్ళో ఉన్నాడు. ఉండాలి కూడా. కానీ బడి వాణ్ణి ఇంటికి చేతుల లెక్కలోంచి తీసేసి ఖర్చు లెక్కలో వేసింది. వాడి చెల్లెలూ బళ్ళోనే ఉంది కాబట్టి, చంటివాణ్ణి చంకనేసుకునేవాళ్ళు కూడా పోయారు. ఈ రెండో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పిల్లలు పిల్లల్ని పెంచే పద్ధతి పోయింది. ఆ ఖాళీలోకి ఎవరు వచ్చారో కాసేపట్లో చెబుతాను.

ఈలోగా ఒక మాట. మా కాలంలో ఎనిమిది మందిమి, ఒకే కంచంలో తిని పెరిగాం, ఇప్పటి వాళ్ళకి ఇద్దరే బరువైపోయారు అని గొప్పలు పోయే పెద్దలు ప్రతి పెళ్ళిలోనూ ఒకరుంటారు. వాళ్ళని నెమ్మదిగా అడగండి, అసలు పుట్టింది ఎంతమంది అని. 1951లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 146 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2019-21 సర్వే నాటికి మన రాష్ట్రంలో ఆ లెక్క 30. ఇద్దరిని కంటే ఇద్దరూ బతుకుతారన్న నమ్మకం వచ్చాకే మన ఆడవాళ్ళు ఆపారు. ఆ నమ్మకం ఇచ్చినవాళ్ళలో టీకాల పెట్టె పట్టుకుని గట్ల మీద నడిచిన ఏఎన్ఎంలు ముందుంటారు.

ఇక ఖర్చు సంగతి. ఆశలు పెరిగిపోయాయి, అందుకే ఇలా ఉంది అంటుంటారు. నాకు ఆ మాట అంతగా నచ్చదు. జూన్ నెలలో గజపతినగరం బస్సు స్టాపులో ఒక పావుగంట నిలబడి చూడండి. కొత్త ఇనప ట్రంకు పెట్టె, దాని మీద ఎనామిల్ రంగుతో పిల్లవాడి పేరు, గ్రూపు, ఊరు. పక్కన ప్లాస్టిక్ బకెట్టు, బకెట్లో మగ్గు, రెండు సబ్బులు, పాత చీరలో చుట్టిన పరుపు. పచ్చడి సీసా మూత చుట్టూ ప్లాస్టిక్ కవరు, దానికి రబ్బరు బ్యాండు, నూనె కారకుండా. పదో తరగతి పాసైన పిల్లవాణ్ణి ఇంటరుకి విశాఖపట్నం హాస్టల్లో దింపడానికి వెళ్తున్నారు. తండ్రి షర్టు జేబులో డబ్బుల కట్ట ఉందని అతని చెయ్యే చెబుతోంది, మాటిమాటికీ జేబు తడుముకుంటున్నాడు. అందులో డ్వాక్రా లోను ఉంది. చిట్టీ పాట ఉంది. బావమరిది దగ్గర తెచ్చిన చేబదులు ఉంది. దీన్ని దురాశ అనగలమా? తను ఎండలో రాడ్ బెండింగు చేస్తున్నాడు, కొడుకు ఏసీ కింద కూర్చోవాలనుకున్నాడు. అంతే.

కాకపోతే ఆ ఆశకి ఒక గుణం ఉంది. అది పక్కింటిని చూసి కదులుతుంది. పక్కింటి వాడు కాన్వెంటు బస్సెక్కితే మనవాడు నడిచి వెళ్ళడం నామోషీ. రోడ్డు మీద మంచి సర్కారు బడి ఉన్నా, నాడు-నేడు కింద గోడలకి రంగులు వేసినా, టై బెల్టు లేని చదువు చదువులా కనబడదు. పెంకుటిల్లు బాగానే ఉన్నా శ్లాబు వెయ్యకపోతే కొడుక్కి సంబంధం రాదంటారు. ఇద్దరు పిల్లలే కాబట్టి డబ్బు మిగలాలి కదా? మిగల్లేదు. ముగ్గురో నలుగురో తినవలసింది ఇద్దరి ఫీజుల్లోకి వెళ్ళిపోయింది. చిన్న కుటుంబం చింతలు లేని కుటుంబం అని మనకి చెప్పినవాళ్ళు ఈ లెక్క ఊహించలేదు.

పెళ్ళి ఖర్చు మాట ఎత్తితే విజయనగరం వాళ్ళం గురజాడని దాటి వెళ్ళలేం. మహారాజా ఆనంద గజపతి తన రోజుల్లో విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల జాబితా తీయించారు. మూడేళ్ళలో 1,034 లెక్కకొచ్చాయి. అందులో ఏడాది వయసు పిల్లలు కూడా ముగ్గురున్నారు. గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కం ముందుమాటలో ఈ వివరం రాశారు. ఆ నాటకం మొదట ఆడింది 1892లో. అప్పుడు ఆడపిల్ల తండ్రి పుచ్చుకునేవాడు, ఇప్పుడు ఇచ్చుకుంటున్నాడు. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చినా మన దగ్గర కట్నం అనరు, లాంఛనాలు అంటారు. ఎంపీ గారు ఆడపిల్లకి డబ్బు డిపాజిట్, మగపిల్లాడికి ఆవు అని ఎందుకు విడదీశారో ఆలోచించండి. ఆడపిల్ల అంటే ముందుగా డబ్బు కూడబెట్టాల్సిన పని అని మనందరి మనసులో ఉన్నదే ఆయన నోట వచ్చింది.

ఇప్పుడు ఇందాకటి ఖాళీ దగ్గరికి వద్దాం. ఫీజు కట్టాలంటే ఇద్దరూ సంపాదించాలి. ఇక్కడ సంపాదన ఏముంది? వాన పడితే వ్యవసాయం, లేకపోతే ఉపాధి పని. గోగు తగ్గింది, జూట్ మిల్లులు మూతపడుతూ తెరుచుకుంటూ ఉన్నాయి. కాబట్టి బయల్దేరుతారు. మన స్టేషను మీదుగా రాయపూర్ వెళ్ళే లైనుంది. భిలాయిలో, ఖరగ్‌పూర్‌లో తాతల కాలం నుంచి మనవాళ్ళున్నారు. ఇప్పుడు ఎక్కువమంది హైదరాబాదు, విజయవాడ, చెన్నై భవనాల పనికి పోతున్నారు. 2001 నుంచి 2011 దాకా దేశ జనాభా 17 శాతం పైగా పెరిగితే మన విజయనగరం జిల్లా 4.23 శాతమే పెరిగింది. 1,000 మంది మగవాళ్ళకి 1,019 మంది ఆడవాళ్ళు తేలారు. పిల్లలు తగ్గడం ఒక కారణమైతే, ఊళ్ళు ఖాళీ కావడం రెండోది. లెక్క రాయడానికి వచ్చినవాళ్ళకి తలుపు తీసింది చాలా చోట్ల ముసలమ్మలే.

2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు. కొన్ని ఇళ్ళల్లో భార్యాభర్తలు జంటగా వెళ్ళారు. జంటగా వెళ్తే మేస్త్రి సంతోషిస్తాడు, కూలి రెండు పాళ్ళు వస్తుంది, వండుకోవడం సులువు. పిల్లలు మాత్రం ఊళ్ళో ఉంటారు. ఆ దుర్ఘటన తరవాత కళాసీల భద్రత మీద చాలా మాటలు జరిగాయి, జరగాలి కూడా. ఆ పిల్లల్ని అంతవరకూ ఎవరు చూస్తున్నారు, ఆ తరవాత ఎవరు చూశారు అన్నది మాత్రం పేపర్లలో ఒక మూల వార్త అయింది.

ఎవరు చూస్తున్నారో మీకూ తెలుసు. మా వీధి చివర ఒకావిడ ఉంది. తెల్లారకుండానే లేచి ఇద్దరు మనవలకి నీళ్ళు కాచి, జడలు వేసి, డబ్బాలు సర్ది, కాన్వెంటు బస్సు కోసం రోడ్డు మీద నిలబడుతుంది. బస్సు వెళ్ళాక కూలికి వెళ్తుంది. మూడున్నరకి మళ్ళీ అదే రోడ్డు మీద ఉంటుంది. "కొడుకూ కోడలూ ఐదరాబాదు ఎలిపోనారు బాబూ. గుంటలిద్దరూ నా కాడే ఉంటారు. ఒంట్లో ఓపికున్నన్నాళ్ళు సూత్తాను, నేకపోతే ఏటి సేత్తాను?" అంటుంది. హోంవర్కు సంగతి అడిగితే నవ్వేస్తుంది. ఫోన్లో కొడుకుని పెడుతుంది, వాడు అక్కడ సెంట్రింగ్ కర్రల మీద కూర్చుని ఇక్కడి ఎక్కాలు అప్పజెప్పించుకుంటాడు. ఆవిడ వయసు యాభై లోపే.

ఆ వయసు దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆంధ్రలో పిల్లలు ఎలా తగ్గారన్న ప్రశ్నకి జవాబు అక్కడుంది. పదిహేడు పద్దెనిమిదేళ్ళకి పెళ్ళి, వెంట వెంటనే ఇద్దరు పిల్లలు, ఇరవై రెండు ఇరవై మూడుకి ఆపరేషను. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషను చేయించుకున్నవాళ్ళు. మగవాళ్ళు ఒక శాతం కూడా లేరు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే అందులో 60 లక్షలకు పైగా మగవాళ్ళవే. ఆ బలవంతానికి బెదిరిన మగాళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ప్రభుత్వాలు కూడా వాళ్ళ జోలికి పోలేదు. బరువంతా ఆడవాళ్ళ కడుపు మీదికి మళ్ళింది. కుట్లు విప్పిన నెలకే నీళ్ళ బిందె ఎత్తి, నడుంనొప్పిని జీవితాంతం వెంట తెచ్చుకున్నవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది!

అలా ఇరవై మూడేళ్ళకి కానుపులు ముగించుకున్న మనిషి నలభై రెండేళ్ళకి నాయనమ్మో అమ్మమ్మో అవుతుంది. ఇంకా చేతిలో బలం ఉంటుంది, కూలికీ వెళ్ళగలదు, మనవల్నీ ఎత్తుకోగలదు. ఉత్తరాంధ్ర వలస బతుకంతా ఈ నడివయసు నాయనమ్మ మీద నిలబడింది. కొడుకు పంపే డబ్బు ఫీజుకి చాలనప్పుడు తన కూలిలోంచి వేస్తుంది. ఇంట్లో ఇంకా ముసలివాళ్ళు ఉంటే నెల మొదటి తారీఖున సచివాలయం వాళ్ళు తెచ్చి ఇచ్చే 4,000 పింఛనులో కొంత కూడా మనవడి నోటుపుస్తకాల్లోకి పోతుంది. కాల్డ్‌వెల్ గారు చెప్పిన ప్రవాహం అమ్మా నాన్నల దగ్గర మొదలవడం లేదు, ఇంకో మెట్టు పైనుంచి దిగుతోంది. పైగా ఆ పింఛను వచ్చాక, ముసలితనంలో తిండి పెట్టడానికైనా ఇంకో కొడుకుండాలన్న పాత భయం కూడా సగం తగ్గింది.

ఇప్పుడు ఆవిడ మనవరాలి సంగతి చూడండి. డిగ్రీ చదువుతుంది. ఇరవై ఐదుకి పెళ్ళి, ఇరవై ఏడుకో ఎనిమిదికో మొదటి బిడ్డ. చాలా మంచి సంగతి, ఇన్నేళ్ళూ మనం కోరుకున్నదే. కానీ లెక్క వేస్తే, ఆ పిల్లకి బిడ్డ పుట్టేసరికి దాని అమ్మకి యాభై దగ్గర పడుతుంది. ఆ బిడ్డకి బిడ్డ పుట్టేసరికి అమ్మమ్మకి అరవై దగ్గర పడుతుంది. మోకాళ్ళు అరిగిన అరవైలో, చంటిబిడ్డని చంకనేసుకుని బస్సు కోసం పరిగెత్తగలదా? అన్నదమ్ములు ఇద్దరైతే ఒక నాయనమ్మని ఇద్దరు కోడళ్ళు పంచుకోవాలి. ఒకరు విజయవాడలో, ఒకరు బెంగళూరులో. ఆ నాయనమ్మకీ ఉద్యోగం ఉంటే? పైడిభీమవరం మందుల కంపెనీల్లో, అచ్యుతాపురం బ్రాండిక్స్ కుట్టు మిషన్ల మీద వేల మంది ఆడవాళ్ళు షిఫ్టులు చేస్తున్నారు. రేపు వాళ్ళు అత్తలవుతారు. షిఫ్టు మానేసి మనవడి కోసం ఇంట్లో కూర్చుంటారా? నేనైతే కూర్చోమని చెప్పను.

మూడో బిడ్డని కనండి అన్న మాట ఈ ఇంట్లో ఎలా వినిపిస్తుందో ఇప్పుడు ఊహించండి. ప్రభుత్వం కొన్ని చేసింది, కాదనను. అమ్మ ఒడి ఉన్నప్పుడు ఇంట్లో ఎంతమంది చదువుతున్నా ఒక్క బిడ్డకే డబ్బు వచ్చేది. 2025 జూన్ నుంచి తల్లికి వందనం కింద చదివే ప్రతి బిడ్డకీ ఇస్తున్నారు, ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికీ. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి ఎన్నో కాన్పు అన్న లెక్క లేకుండా ప్రసూతి సెలవు అన్నారు. బాగుంది. కానీ ఆ సెలవు ప్రభుత్వోద్యోగానికి. మిగతా ఉద్యోగాలకి కేంద్రం చట్టమే దిక్కు, అది 2017లో మారింది. మొదటి ఇద్దరికీ 26 వారాలు, మూడో బిడ్డకి 12 వారాలే. అదీ కనీసం పదిమంది పనిచేసే కంపెనీలో, పుస్తకంలో పేరున్నవాళ్ళకి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకి 5,000 ఇస్తారు, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000. మూడో బిడ్డకి ఆ పథకంలో చోటే లేదు. రాష్ట్రం కనమంటుంటే ఢిల్లీ కాగితాలు ఇంకా ఎర్ర త్రికోణం దగ్గరే ఉన్నాయి. జనాభా తగ్గితే లోక్‌సభ సీట్లు తగ్గిపోతాయన్న దిగులు నాయకులది. 1971 లెక్కల మీద సీట్లు ఆగిపోయి ఉన్నాయి, 2026 తరవాత జరిగే జనగణనతో అది కదలవచ్చు. దిగులు నిజమైనదే. దాన్ని మోయమని ఇరవై నాలుగేళ్ళ పిల్లకి చెబితే మాత్రం ఆ పిల్ల ఒకలాంటి చూపు చూస్తుంది.

నా మట్టుకు నాకు, కనమనడమూ వద్దనడమూ రెండూ ఒకే జాతి మాటలు. ఎవరో పైనుంచి లెక్క పంపడం, కింద ఆడది మోయడం. మూడో బిడ్డ కావాలనుకునే ఇళ్ళు మన చుట్టూ లేకపోలేదు. ఇద్దరూ ఆడపిల్లలై, కొడుకు కోసం చూసేవాళ్ళని పక్కన పెట్టండి. ఇల్లు సందడిగా ఉండాలని, పిల్లకి అక్కో చెల్లో ఉండాలని మనసారా అనుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళని ఆపుతున్నది ఆవు లేకపోవడం కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఒక చిన్న నిబంధన ఉండేది. పని చేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురో అంతకంటే ఎక్కువమందో ఉంటే, కూలికొచ్చిన ఆడవాళ్ళలోనే ఒకరిని ఆ పిల్లల్ని చూడటానికి పెట్టి, ఆవిడకీ అదే కూలి ఇవ్వాలి. పిల్లల్ని చూడటం కూడా కూలి పనే అని చట్టం ఒప్పుకున్న అరుదైన చోట్లలో అదొకటి. చెరువు గట్టు మీద చింతచెట్టు కింద చీర ఉయ్యాలలు కట్టి ఒకావిడ కూర్చుని ఉంటే, మిగతావాళ్ళు నిశ్చింతగా తట్టలెత్తడం నేను చూశాను. చాలా చోట్ల అమలు కాలేదు, మేటీలు పట్టించుకోలేదు. అయినా ఆలోచన మంచిది.

అదే ఆలోచనని ఊళ్ళోకి తేవచ్చు. అంగన్‌వాడీ 1975 నుంచి ఉంది, ప్రతి ఊళ్ళోనూ ఉంది. గుడ్డు, పాలు ఇస్తుంది. సాయంత్రం కాకుండానే తాళం వేస్తుంది. తల్లి కూలి నుంచి వచ్చేసరికి, కంపెనీ బస్సు దిగేసరికి ఏడవుతుంది. ఈ రెండిటి మధ్య రెండు మూడు గంటలున్నాయి. ఇంకో బిడ్డని కనాలా వద్దా అన్న మాట తేలేది ఆ గంటల్లోనే. అంగన్‌వాడీ టీచరుకీ ఆయాకీ ఇంకా పని పెంచమని నేననడం లేదు, వాళ్ళకి ఇచ్చే జీతానికి ఇప్పటికే ఎక్కువ చేస్తున్నారు. రెండో షిఫ్టుకి ఇంకో మనిషిని పెట్టాలి, జీతమిచ్చి పెట్టాలి. డ్వాక్రా సంఘాల్లో ఆ పని చెయ్యగలిగినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. తండ్రులు కూడా ఆ గంటల్లో సంత నుంచో రచ్చబండ నుంచో ఇంటికి రావచ్చు, చట్టమేం అడ్డు రాదు. ప్రస్తుతానికి ఆ గంటలన్నీ మా వీధి చివరి నాయనమ్మే చూసుకుంటోంది, ఒక్క రూపాయి లేకుండా. ఆవిడ తరవాత ఆ పనికి ఇంతవరకూ ఎవరినీ వెయ్యలేదు.